టెండర్‌కి ముందూ వెనకా

కాగితం టెండర్ల కాలాన్ని చూసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. జిల్లా కేంద్రంలో సూపరింటెండింగ్ ఇంజినీరు (ఎస్‌ఈ) ఆఫీసు వరండా. తాళం వేసి లక్కతో సీలు కొట్టిన ఇనప పెట్టె. మధ్యాహ్నం మూడు గంటలకు గడువు. పెట్టె దాకా వెళ్లాలంటే గేటు దాటాలి, గేటు దాటాలంటే అక్కడ నిలబెట్టిన జీపుల్ని దాటాలి. చిన్నప్పుడు అలాంటి ఒక ఆఫీసు ఎదుటి టీ కొట్లో కూర్చుని ఈ తంతు చూశాను. షెడ్యూలు కొనడానికి వచ్చిన కొత్త కాంట్రాక్టరుకి ‘ఈ పని ఫలానా వారిదయ్యా, వచ్చేదాంట్లో నీ సంగతి చూద్దాం’ అని చెప్పి, టీ తాగించి పంపించేసేవారు. వినకపోతే టీ ఉండేది కాదు. మిగిలినవాళ్లు ఒక గదిలో కూర్చుని తేల్చుకునేవారు. పని ఒకరికి, పక్కకి తప్పుకున్నందుకు మిగతావారికి ‘గుడ్‌విల్’. ఆ గుడ్‌విల్ సొమ్ము ఎక్కడినుంచి వచ్చేదంటే, రోడ్డు మీద పడాల్సిన తారు మందంలోంచి వచ్చేది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2003లో ఆ పెట్టెను తీసేసింది. టెండర్లు ఆన్‌లైన్‌లో వేయించడం మొదలుపెట్టిన తొలి రాష్ట్రాల్లో మనది ఒకటి. అదే ఏడాది జులైలో నీటిపారుదల శాఖ ఇచ్చిన 94వ నంబరు జీవో టెండరు నిబంధనల్ని తిరగరాసింది. ఎవరు ఎక్కడ కూర్చుని అయినా బిడ్ వేయొచ్చు, జీపులతో పనిలేదు. ఇది చిన్న మార్పేమీ కాదు. దానికి దక్కాల్సిన మెప్పు దానికి దక్కాలి. కానీ రెండు దశాబ్దాలు గడిచాక వెనక్కి తిరిగి చూస్తే నాకొకటి అనిపిస్తుంది. మనం చేసిన సంస్కరణలు దాదాపు అన్నీ టెండరు తెరిచే ఆ ఒక్క రోజు చుట్టూనే తిరిగాయి. ఆన్‌లైన్ బిడ్లు, రివర్స్ టెండరింగ్, హైకోర్టు రిట్లు అన్నీ ‘ఎవరికి దక్కింది’ అన్న ప్రశ్న దగ్గరే ఆగాయి. డబ్బు మాత్రం అంతకు ఆర్నెల్ల ముందు ఎస్టిమేటులోనూ, ఆ తరవాత కొలతలు రాసే ఎం.బుక్కులోనూ కారిపోతూ వచ్చింది.

ముందు ఈ వ్యవహారానికి చట్టం ఏమిటో చూద్దాం, ఎక్కువసేపు పట్టదు. దేశం మొత్తానికి ప్రభుత్వ కొనుగోళ్ల చట్టం అంటూ ఒకటి లేదు. 2012 మేలో లోక్‌సభలో ఒక బిల్లు పెట్టారు. 2014లో ఆ సభతోపాటే అదీ కాలం చేసింది. ప్రభుత్వం చేసే కొనుగోళ్లు జాతీయోత్పత్తిలో దాదాపు ఐదో వంతు ఉంటాయని తరచూ చెప్పే అంచనా. అంత సొమ్ము నడిచే దారికి కేంద్రంలో ఉన్న ఆధారం సాధారణ ఆర్థిక నిబంధనలు, వాడుకలో జీఎఫ్ఆర్. 1947లో మొదలై 1963లో, 2005లో, 2017లో కొత్త రూపం దాల్చిన ఈ నిబంధనలు చట్టం కావు, కార్యనిర్వాహక ఆదేశాలు. రాష్ట్రాల్లో తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో, రాజస్థాన్ 2012లో సొంత చట్టాలు చేసుకున్నాయి. రెండు తెలుగు రాష్ట్రాలు ఇప్పటికీ ప్రధానంగా జీవోల మీదే బండి లాగిస్తున్నాయి. జీవోతో వచ్చే ఇబ్బంది ఒకటే: ఒక సంతకంతో వస్తుంది, ఇంకో సంతకంతో పోతుంది.

ఇక ఎస్టిమేటు. పనికి పునాది ఇదే, జనం కన్ను పడనిదీ ఇదే. అసిస్టెంటు ఇంజినీరు (ఏఈ) కొలతలు తీస్తాడు, డిప్యూటీ (డీఈ) చూస్తాడు, ఎగ్జిక్యూటివ్ (ఈఈ), ఎస్‌ఈ, చీఫ్ (సీఈ) అంటూ పని విలువను బట్టి ఫైలు పైకి పోతుంది. రేట్లన్నీ ప్రభుత్వ ప్రామాణిక రేట్ల పట్టిక, ఎస్‌ఎస్‌ఆర్ ప్రకారం వేస్తారు. సిమెంటు, స్టీలు, కూలీ, యంత్రాల అద్దె దేనికెంతో అందులో ఉంటుంది. చదివినవాడికి ఇందులో చెయ్యి పెట్టడానికి సందే లేదనిపిస్తుంది. సందు ‘లీడ్’ దగ్గర ఉంది. కంకర ఏ క్వారీ నుంచి వస్తుంది, ఇసుక ఏ రీచ్ నుంచి, పనిచోటికి ఎన్ని కిలోమీటర్లు అన్నదే లీడ్. పక్క ఊళ్లో క్వారీ ఉన్నా నలభై కిలోమీటర్ల అవతలి క్వారీ రాస్తే క్యూబిక్ మీటరు మీద తేడా ఎంతో లెక్కేసుకోండి. కాలవ తవ్వకంలో నేల రకం ఇంకో సందు. మెత్తటి మట్టిని గట్టి నేలగా, గట్టి నేలను రాయిగా రాస్తే రేటు మెట్లెక్కుతుంది. తవ్వేశాక ఆ మట్టి ఎలాంటిదో ఎవరు చెప్పగలరు?

ఎస్టిమేటు ఉబ్బితే ఆ తరవాత లెక్కలన్నీ అబద్ధాలాడతాయి. మన దగ్గర బిడ్లను కొలిచేది ఎస్టిమేటుతోనే. అంచనా కన్నా 5 శాతం పైగా ‘ఎక్సెస్’ వేస్తే టెండరు తోసిపుచ్చడం, 25 శాతం మించి ‘లెస్’ వేస్తే ఆ 25 శాతానికి పైన తగ్గిన మొత్తానికి అదనపు సెక్యూరిటీ కట్టించుకోవడం 2003 నుంచి వచ్చిన కట్టుబాట్లు. ఉద్దేశం మంచిదే. అయితే వంద రూపాయల పనికి నూట ముప్ఫై ఎస్టిమేటు వేసి, దాని మీద పది శాతం లెస్‌కి టెండరు పడితే, మర్నాడు పేపర్లో ‘ప్రభుత్వానికి ఆదా’ అని వార్త వస్తుంది. నిజంగా జరిగిందేమిటంటే పదిహేడు రూపాయలు ఎక్కువ పెట్టడం. ఎస్టిమేటును బయటివాళ్లెవరైనా తిరిగి కట్టి చూసే ఏర్పాటు లేనంతకాలం ఈ ‘ఆదా’ అన్న మాటను నేను నమ్మను. ఏ ప్రభుత్వం చెప్పినా సరే.

ఎస్టిమేటు దశలోనే ఇంకో చిన్న విద్య కూడా ఉంది, పనిని ముక్కలు చేయడం. టెండరు అక్కర్లేని పరిమితి ఏదో ఒకటి ఉంటుంది. ఆ లోపు పనుల్ని ‘నామినేషన్’ మీద ఇచ్చుకోవచ్చు. ఒకే వీధిలో సీసీ రోడ్డును ఫలానా వారి ఇంటినుంచి రామాలయం దాకా ఒక పనిగా, రామాలయం నుంచి బడి దాకా ఇంకో పనిగా రాస్తే సరి. నామినేషన్ అసలు పనికిరాదని కాదు. వరద కట్టను కోసుకుపోతుంటే మూడు వారాల గడువుతో టెండరు పిలవమనేవాడు మూర్ఖుడు. సుప్రీంకోర్టు 2006లో మీరట్ నగర పాలక సంస్థ కేసులో చెప్పిందీ అదే. బహిరంగంగా పిలవడం మామూలు పద్ధతి, నామినేషన్ ప్రకృతి విపత్తుల లాంటి అరుదైన సందర్భాలకు. మన దగ్గర ఆ అరుదైనది కాస్తా వార్డు సభ్యుడి హక్కులా తయారైంది. ఆంధ్రప్రదేశ్ 2019లో నామినేషన్ పనుల్లో సగం బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలకు, వాటిలో సగం మహిళలకు అని చట్టం చేసింది. పంచేది ఎటూ పంచుతున్నప్పుడు అందరికీ పంచాలన్న న్యాయం అందులో ఉంది. కాకపోతే పేరు ఒకరిది, పని చేసేది వేరొకరు అన్న పాత జబ్బుకి ఆ చట్టంలో మందు లేదు.

తరవాతిది అర్హత. కవర్-1లో టెక్నికల్ బిడ్, కవర్-2లో ప్రైస్ బిడ్. మొదటి కవరులో నెగ్గినవాడి రెండో కవరే తెరుస్తారు. గెలిచేవాణ్ని ముందే ఎంచుకోవాలనుకుంటే ధర జోలికి పోనక్కర్లేదు, మొదటి కవరులో షరతులు రాస్తే చాలు. పనిచోటికి ఇన్ని కిలోమీటర్ల లోపు సొంత హాట్‌మిక్స్ ప్లాంటు ఉండాలంటారు. ఇదే శాఖలో ఇంతకుముందు ఇంత విలువైన పని చేసి ఉండాలంటారు. సైటు చూసినట్టు ఈఈ ఇచ్చిన సర్టిఫికెట్ జత చేయాలంటారు. ఆ సర్టిఫికెట్ కోసం వెళ్తే ఈఈ క్యాంపులో ఉంటాడు. మనిషి కొలతలు తీసి కుట్టిన చొక్కా ఇంకొకరికి పట్టదు కదా. రాసినవాళ్లని అడిగితే ‘నాణ్యత కోసమండీ’ అంటారు. ఒక్కోసారి అది నిజం కూడా, అందుకే దీన్ని పట్టుకోవడం కష్టం.

షరతుల విషయంలో కోర్టులు చెప్పిన మొదటి పెద్ద మాట ఒక ఫలహారశాల గొడవలోంచి వచ్చింది. బొంబాయి విమానాశ్రయంలో రెండో తరగతి రెస్టారెంటు, స్నాక్ బార్ల కోసం ఎయిర్‌పోర్ట్ అథారిటీ టెండర్లు పిలిచింది. కనీసం ఐదేళ్ల అనుభవం ఉన్న రిజిస్టర్డ్ హోటలు యజమాని అయి ఉండాలన్నది షరతు. చివరికి ఆ షరతుకి సరిపోనివాడికే ఇచ్చేసింది. 1979లో రమణ దయారామ్ శెట్టి కేసుగా పేరుపడ్డ ఆ తీర్పులో సుప్రీంకోర్టు జస్టిస్ భగవతి, ప్రభుత్వం తాను పెట్టిన షరతుకి తానే కట్టుబడాలని, తోచినవాడికి పప్పుబెల్లాల్లా పంచే వీలు దానికి లేదని తేల్చారు. ఇంతా చేసి ఆ కేసు వేసినాయనకు ఏమీ దక్కలేదు, ఆలస్యంగా వచ్చావన్నారు. సూత్రం దేశానికి మిగిలింది, పని మాత్రం దక్కించుకున్నవాడితోనే ఉండిపోయింది. టెండరు కేసుల్లో ఇది తరచూ జరిగేదే. అదే కోర్టు 2025 అక్టోబరులో ఛత్తీస్‌గఢ్ స్పోర్ట్స్ కిట్ల టెండరులో, గతంలో ఆ రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకే సరఫరా చేసి ఉండాలన్న షరతును కొట్టేసింది. సొంత రాష్ట్రం వాళ్లకే గేటు తెరిచే షరతులు రాసే అధికారులు ఆ తీర్పును టేబుల్ అద్దం కింద పెట్టుకోవాలి.

ఆన్‌లైన్ వచ్చాక రింగులు పోయాయా? జీపులు పోయాయి, రింగులు ఫోన్లోకి వచ్చాయి. ఒకే గ్రూపు మూడు పేర్లతో బిడ్లు వేస్తుంది, రెండు డమ్మీలు, ఒకటి అసలు. దీనికి చదవదగ్గ ఉదాహరణ ఒకటుంది. ధాన్యం గోదాముల్లో పురుగు పట్టకుండా అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు పెడతారు. భారత ఆహార సంస్థ 2009లో వాటికి టెండరు పిలిస్తే మూడు కంపెనీలు కిలోకి ఒకే ధర వేశాయి, 388 రూపాయలు. పైసా అటూ ఇటూ లేదు. వాటి ఉత్పత్తి ఖర్చులు వేరు, ఊళ్లు వేరు, ధర మాత్రం ఒకటి. సంస్థ ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ కుమ్మక్కు అని తేల్చి జరిమానా వేసింది, 2017లో సుప్రీంకోర్టు కుమ్మక్కు నిజమేనంది. అయితే జరిమానాను కంపెనీ మొత్తం వ్యాపారం మీద లెక్కకట్టకూడదని, ఆ మాత్రల వ్యాపారం మీదే వేయాలని చెప్పింది. 2009లో పడ్డ టెండరుకి 2017లో తీర్పు. మన జిల్లాల్లో చెరువు మరమ్మతు పనికి ముగ్గురు కూడబలుక్కుంటే ఢిల్లీలోని కమిషన్ దాకా పోయే ఓపిక ఎవరికి ఉంటుంది?

కంప్యూటరు మీద గుడ్డి నమ్మకం వద్దనడానికి మధ్యప్రదేశ్ ఉంది. 2018లో అక్కడ తాగునీటి పథకాల ఈ-టెండర్లలో, వేసిన ధరల్నే లోపలినుంచి మార్చి ఫలానా వారిని అందరికన్నా తక్కువ వేసినవారిగా చేశారన్న వ్యవహారం బయటపడింది. మరుసటి ఏడాది ఆర్థిక నేరాల విభాగం కేసు పెట్టింది. ఇనప పెట్టె తాళం ఎస్‌ఈ జేబులో ఉండేది. సర్వరు తాళం ఎవరి జేబులో ఉందో టెండరు వేసినవాడికి తెలియదు. అదీ తేడా.

ఇప్పుడు ఎల్1. అందరికన్నా తక్కువ వేసినవాడు. ఈ రెండక్షరాలకి మన ఆఫీసుల్లో ఉన్న పవిత్రత ఇంకే మాటకీ లేదు. కారణం అవినీతి కాదు, భయం. ఎల్1కి ఇస్తే ఆడిట్ వాడు, విజిలెన్స్ వాడు ఏమీ అడగరు. ఎల్2 మంచివాడని ఇస్తే రిటైరయ్యాక కూడా సమాధానం చెప్పుకోవాలి. అందువల్ల నిజాయితీపరుడైన ఇంజినీరు కూడా పని పాడవుతుందని తెలిసి ఎల్1 ఫైలు మీద సంతకం పెడతాడు. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో పనులకు కూడా నాణ్యతకు మార్కులు వేసే పద్ధతిని అనుమతించింది, ధర కాని అంశాలకు 30 శాతం మించకుండా. కొంత మేలు. కానీ మార్కులు వేసే చేతుల్లో ఏమి జరుగుతుందో కూడా ఊహించుకోవచ్చు, ధర దాచలేరు గానీ మార్కులు దాచొచ్చు.

అతి తక్కువ ధర వెనక ఏముంటుందో హైదరాబాద్ మెట్రో చూపించినంత బాగా ఇంకేదీ చూపించలేదు. 2008లో ఆ టెండరు పడింది. మెట్రో అంటే దాదాపు ప్రపంచమంతా ప్రభుత్వం సాయం చేస్తేగాని నిలబడని పథకం. మన దగ్గర మేటాస్ నాయకత్వంలోని కన్సార్షియం, మాకు మీ సాయం అక్కర్లేదు, పైగా 35 ఏళ్లలో మేమే 30,311 కోట్లు ఇస్తామంది. కన్నెపిల్ల వాళ్లు కట్నం తీసుకోవడం లాంటిది. సచివాలయంలో పండగ చేసుకున్నారు. ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్ ఆ సెప్టెంబరులో ప్రణాళికా సంఘానికి లేఖ రాసి, దీని వెనక ఉన్నది భూముల మీద ఆశేనని హెచ్చరిస్తే రాష్ట్ర ప్రభుత్వం ఆయన మీదే మండిపడింది. 2009 జనవరిలో, మేటాస్ వెనకున్న కుటుంబానిదే అయిన సత్యం కంపెనీ కుంభకోణం బయటపడింది. మేటాస్ ఆర్థిక ఏర్పాట్లు పూర్తి చేయలేకపోయింది. జులైలో ఒప్పందం రద్దు. మళ్లీ పిలిస్తే 2010లో అదే మెట్రోకి ఎల్ అండ్ టీ 1,458 కోట్ల ప్రభుత్వ సాయం అడిగి గెలిచింది. 30,311 కోట్లు ఇస్తానన్న చోటే 1,458 కోట్లు తెమ్మన్నారు. రెండు అంకెల మధ్య తేడాని చదవడం వచ్చినవాళ్లకి టెండరు విద్య సగం వచ్చినట్టే. మొదటి రైలు 2017 నవంబరు 28న ప్రారంభమైంది. 2025 సెప్టెంబరులో ఎల్ అండ్ టీ తప్పుకోవడానికి, మెట్రోని రాష్ట్రమే తీసుకోవడానికి సూత్రప్రాయంగా అంగీకారం కుదిరింది. రెండో బిడ్డు కూడా ఆశ ఎక్కువై వేసిందేనేమో అనుకోవాల్సి వస్తుంది.

దీనికి అర్థశాస్త్రంలో ‘విజేత శాపం’ అని పేరుంది. పది మంది ఒక వస్తువు విలువని అంచనా వేస్తే, అందరికన్నా పొరబడినవాడే పాట గెలుస్తాడు. వేలంపాటల సిద్ధాంతానికే 2020లో మిల్‌గ్రామ్, విల్సన్‌లకు నోబెల్ వచ్చింది. మన కాంట్రాక్టర్లకు ఆ శాపానికి విరుగుడు నోబెల్ రాకముందే తెలుసు. తక్కువకి పట్టుకో, తరవాత అదనపు పనుల సప్లిమెంటరీ ఒప్పందంలో రాబట్టుకో.

రివర్స్ టెండరింగ్ కథ ఈ వెలుగులోనే చూడాలి. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ పద్ధతి తెచ్చింది. బిడ్లు తెరిచాక ఎల్1 ధర చూపించి, దానికన్నా తక్కువకి ఎవరు చేస్తారంటూ ఆన్‌లైన్‌లో పాట పెట్టడం. పోలవరం హెడ్‌వర్క్స్, జలవిద్యుత్ కేంద్రం పనులు చేస్తున్న కంపెనీని తప్పించి మళ్లీ పిలిస్తే ఆ సెప్టెంబరులో మేఘా ఇంజినీరింగ్ 4,987 కోట్ల విలువ మీద 12.6 శాతం తక్కువకి, 4,358 కోట్లకి వేసింది. దాదాపు 629 కోట్లు ఆదా అని ప్రభుత్వం చెప్పింది. కాంట్రాక్టరుని మధ్యలో మార్చడం వల్ల పోయిన కాలానికి ఖరీదు ఎంతన్న వాదన ఆ రోజు మొదలై ఇంకా నడుస్తోంది. 2024లో ప్రభుత్వం మారాక రివర్స్ టెండరింగ్‌నే రద్దు చేశారు. నా మట్టుకు నాకు, పాట పెట్టి ధర దించడం తప్పేమీ కాదు. కేంద్రం 2016లో మొదలుపెట్టిన జెమ్ పోర్టల్లో కుర్చీలు, కంప్యూటర్లు అలాగే కొంటున్నారు. ఒక కుర్చీ ఇంకో కుర్చీలాగే ఉంటుంది. నది అడుగున ఏముందో తవ్వేదాకా తెలియని పనికి పాట పెడితే, పాడేది ధర కాదు, ధైర్యం.

అదే 2019లో వచ్చిన జ్యుడీషియల్ ప్రివ్యూ చట్టం గురించి మాత్రం నాకు కాస్త విచారం ఉంది. 100 కోట్లు, ఆ పైన విలువైన పనుల టెండరు పత్రాలను, పిలవకముందే, ఒక న్యాయమూర్తి చూసేవారు. వారం రోజులు ఆ పత్రాలు ప్రజల ముందుండేవి, ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ప్రభుత్వం మారాక అదీ పోయింది. ఆలస్యం అవుతుందన్న ఫిర్యాదు ఉంది, ఇంజినీరింగ్ సంగతులు న్యాయమూర్తికి ఏం తెలుసన్న ఆక్షేపణ ఉంది. రెండూ నిజమే. అయినా మన సంస్కరణలన్నింటిలో టెండరుకి ముందరి కాగితాన్ని బయటపెట్టించింది అదొక్కటే. న్యాయమూర్తి లేకపోయినా ఆ ఏడు రోజులు ఉంచాల్సింది. వంద కోట్ల పని షరతుల్ని పోటీ కంపెనీలు, విలేకరులు, రిటైర్డ్ ఇంజినీర్లు చదవడానికి వారం ఇస్తే ఏ డ్యామూ కొట్టుకుపోదు.

కోర్టుల తలుపు ఎంత తెరిచి ఉందంటే, ఏటేటా కొంచెం మూసుకుంటోంది. 1994 టాటా సెల్యులార్ కేసులో సుప్రీంకోర్టు నిర్ణయం జరిగిన తీరును చూస్తాం గానీ నిర్ణయం మంచిదా కాదా అన్న అప్పీలు వినమంది. జగదీశ్ మండల్ కేసులో, ఓడిన టెండరుదారు మనసులోని ఉక్రోషాన్ని ప్రజాప్రయోజనం ముసుగులో తేవొద్దన్న ధోరణి కనిపిస్తుంది. 2018లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి సవరణ చేసి, మౌలిక సదుపాయాల పనులు ఆగిపోయేలా ఇంజంక్షన్లు ఇవ్వకూడదన్నారు. 2022లో ఎన్‌జీ ప్రాజెక్ట్స్ తీర్పు, స్టే ఇచ్చే బదులు నష్టపరిహారం వైపు చూడమంది. దారిలో ఉన్న పని కోర్టు కాగితంతో ఏళ్ల తరబడి ఆగితే ఊరికి ఏ లాభమూ లేదు కాబట్టి ఈ జాగ్రత్తను తప్పుపట్టలేను. దీని ఫలితం మాత్రం ఒకటుంది. లోపం కోర్టులో దిద్దుకుంటుందన్న భరోసా తగ్గినకొద్దీ ఆఫీసులో దిద్దే ఏర్పాటు పెరగాలి. చాలా దేశాల్లో టెండరు ఫిర్యాదులు వినే స్వతంత్ర సంస్థ ఉంటుంది. మన దగ్గర ఫిర్యాదు వినేది చాలాసార్లు షరతులు రాసిన శాఖే.

పని మొదలయ్యాక జరిగేది ఎవరూ పట్టించుకోరు, అందుకే అక్కడ కాస్త ఆగుదాం. అగ్రిమెంటు రాసి వర్క్ ఆర్డర్ ఇచ్చాక పాలనంతా ఒక పుస్తకంలోకి మారుతుంది. ఎం.బుక్, అంటే కొలతల పుస్తకం. ఎంత తవ్వారు, ఎంత పోశారు అన్నది ఏఈ రాస్తాడు, డీఈ చెక్ మెజర్‌మెంట్ చేస్తాడు. బిల్లు దాన్నిబట్టే. ఆరంగుళాలు వేసి ఎనిమిది అని రాస్తే టెండర్లో వచ్చిన పది శాతం లెస్ తిరిగి వచ్చేస్తుంది, వడ్డీతో సహా. 2004 తరవాత ఉమ్మడి రాష్ట్ర సాగునీటి పథకాల జలయజ్ఞంలో కొలతల తగాదా లేకుండా ఈపీసీ పద్ధతి తెచ్చారు. సర్వే, డిజైను, కట్టడం అన్నీ కాంట్రాక్టరువే, మొత్తానికి ఒకే ధర. కాగితం మీద చక్కగా ఉంది. సర్వే కూడా చేసేది కట్టేవాడే అయితే, పని పరిమాణం తగ్గితే లాభం అతనిది, పెరిగితే గొడవ ప్రభుత్వంతో. అటవీ, పర్యావరణ అనుమతులు, భూసేకరణ పూర్తికాకుండానే పనులు అప్పగించడాన్ని కాగ్ తన ఆడిట్‌లో తప్పుపట్టింది. అనుమతి రాని చోట కాలవ ఆగుతుంది, ధరలు పెరుగుతాయి, ఎస్కలేషన్ అడుగుతారు. ముందు ఖరారైన ఒకే ధర ఆ పాటికి ఎవరికీ గుర్తుండదు.

కట్టాక బాధ్యత ఎంతకాలం అన్నది ఇంకో మూల. మేడిగడ్డ బ్యారేజీ పియర్లు 2023 అక్టోబరు 21న కుంగాయి. ఇంజినీరింగ్ కారణాలు, రాజకీయ కారణాలు కమిషన్లు చూశాయి. ఒప్పందాల పాఠకుడిగా నన్ను ఆపింది చిన్న ప్రశ్న. పని పూర్తయినట్టు సర్టిఫికెట్ ఎప్పుడిచ్చారు, డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసింది, మరమ్మతు ఖర్చు ఎవరిది? వేల కోట్ల కట్టడానికి ఈ ప్రశ్న మీద వాదన జరిగిందంటే, మనం ఎల్1 మీద పెట్టిన శ్రద్ధలో పదోవంతు కూడా ఆ ఒక్క క్లాజు మీద పెట్టలేదన్నమాట.

ఇక కాంట్రాక్టరు వైపు నుంచి చూడకపోతే ఈ సమీక్ష అన్యాయమవుతుంది. తెలుగునాట కాంట్రాక్టరు అంటే విలన్ అని సినిమాలు నేర్పాయి. ఊళ్లలో ఎక్కువమంది బంగారం కుదువపెట్టి పని చేసే చిన్నవాళ్లు. పని చేసి బిల్లు పెట్టాక డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు. ప్రభుత్వం మారితే పాత బిల్లులు విచారణ పేరుతో ఆగిపోతాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల బిల్లుల కోసం కాంట్రాక్టర్లు, మాజీ సర్పంచులు హైకోర్టుకెక్కితే 2021లో వడ్డీతో చెల్లించమని ఆదేశాలు వచ్చాయి. బిల్లు రెండేళ్లకు వస్తుందని తెలిసినవాడు ఆ రెండేళ్ల వడ్డీని టెండరులోనే కలిపేస్తాడు, కలపలేకపోతే సిమెంటులో తగ్గిస్తాడు. పలుకుబడి ఉన్నవాడి బిల్లు నెలలో పాసవుతుంది కాబట్టి అతను తక్కువకి వేయగలడు. అంటే పోటీని చంపేది ఒక్క రింగే కాదు, ఖజానా కూడా. బిల్లులు వరస క్రమంలో, ముందు పెట్టినవాడికి ముందు చెల్లించే ఏర్పాటు, ఆ వరసను అందరూ చూసేలా పెట్టడం కావాలి. నన్నడిగితే రివర్స్ టెండరింగ్ కన్నా ఈ ఒక్క పనికి ధరలు ఎక్కువ దిగుతాయి.

చేయగలమనడానికి దగ్గర్లోనే దాఖలా ఉంది. తమిళనాడు 1994లో మందుల కొనుగోలుకి ఒక కార్పొరేషన్ పెట్టింది. రాష్ట్రం మొత్తానికి ఒకే చోట టెండరు, వచ్చిన ప్రతి బ్యాచీకీ ల్యాబు పరీక్ష, ఫెయిలైతే కంపెనీ మీద వేటు, మందుల కేటాయింపు లెక్కకు ఆస్పత్రికి పాస్‌బుక్కు. అక్కడ శ్రద్ధ టెండరు రోజు దగ్గర ఆగలేదు, గోదాము దాకా, మాత్ర దాకా వెళ్లింది. దేశంలో చాలా రాష్ట్రాలు, మనవీ కలిపి, ఆ నమూనా చూసే తమ కార్పొరేషన్లు దిద్దుకున్నాయి. పేరు తెచ్చుకున్నంత సులువుగా క్రమశిక్షణ తెచ్చుకోలేకపోయాయి.

రెండు తెలుగు రాష్ట్రాలకు కొనుగోళ్ల చట్టం కావాలి. అందులో ఎస్టిమేటు, లీడ్ స్టేట్‌మెంటుతో సహా, టెండరుతోపాటే బయటపెట్టాలని ఉండాలి. శాఖతో సంబంధం లేని ఫిర్యాదుల సంస్థ ఉండాలి. ఎం.బుక్ పేజీలు, బిల్లుల వరస ఆన్‌లైన్‌లో కనపడాలి. ఇప్పటిదాకా ఏ ప్రభుత్వమూ ఇవన్నీ ఇవ్వలేదు.

అవి వచ్చేదాకా మీ ఊరి రోడ్డు విషయంలో మీరే చేయగలిగింది ఒకటుంది. సమాచార హక్కు చట్టం 2005లో ‘సమాచార హక్కు’ అనే మాటకిచ్చిన నిర్వచనంలోనే, కాగితాల నకళ్లతో పాటు, జరుగుతున్న పనిని వెళ్లి తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. ఎస్టిమేటు, అగ్రిమెంటు, ఎం.బుక్ నకళ్లు అడగండి, కంకర నమూనా అడగండి. దరఖాస్తు రుసుము గ్రామ స్థాయిలో ఏమీ లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10.